నాగమల్లి చెట్టు వారం రోజుల్లో ఆకులన్నీ రాల్చేసింది, చచ్చిపోయినట్టేనా?

కాకినాడ సుధ | మార్చి 4, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు టెన్షన్‌లో రాస్తున్నాను.

మా పెరట్లో నాగమల్లి చెట్టు ఉంది. పదకొండేళ్ల కిందట అమ్మ కడియం నుంచి తెచ్చి నాటింది. అమ్మ పోయి మూడేళ్లయింది. పోయిన గురువారం దాకా చెట్టు గొడుగులా నిండుగా ఉంది. శుక్రవారం నుంచి ఆకులు పండి రాలడం మొదలైంది, ఈ రోజుకి ఒక్క ఆకు మిగల్లేదు. రోజుకి రెండు గంపలు ఊడ్చి పోశాం. పక్కింటి పిన్నిగారు ఎవరో వేళ్లలో యాసిడ్ పోసుంటారు అంటున్నారు. పనమ్మాయి దిష్టి అంటోంది. నాన్నగారు ఏమీ అనకుండా పొద్దున్నా సాయంత్రం బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ఈ చెట్టు ఇంతవరకూ ఒక్క పువ్వు కూడా పూయలేదు. ఏదైనా చేసి బతికించుకునే దారి ఉందా?

మిద్దెతోట రమణ | మార్చి 4, ఉదయం 7:15

నూటికి నూరుపాళ్లు వేరుకుళ్లు. మా దానిమ్మకి అచ్చం ఇలాగే అయింది. వెంటనే మొదలు చుట్టూ తవ్వి, ఫంగిసైడ్ కలిపిన నీళ్లు పోయండి. ఆలస్యం చేస్తే చెట్టు దక్కదు.

కడియం బుజ్జి | మార్చి 4, ఉదయం 7:31

ఆయ్, సుధగారూ, ఏమీ తవ్వకండి, ఏమీ పోయకండి. ముందు ఒక పని చెయ్యండి. చిటికెన వేలు లావున్న కొమ్మ మీద గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టుకి ఏమీ కాలేదు. గోధుమరంగులో పొడిగా ఉంటే అప్పుడు చూద్దాం. మీ నాన్నగారిని బకెట్లు కొంచెం తగ్గించమనండి. ఆకులే లేనప్పుడు ఆ నీళ్లన్నీ తాగేది ఎవరండీ.

రమణన్నా, దానిమ్మ వేరు, ఇది వేరు.

బోటనీ మాస్టారు | మార్చి 4, ఉదయం 9:40

బుజ్జి చెప్పింది సరైన పరీక్ష. అమ్మా సుధా, మీ చెట్టు దాని పద్ధతిలో అది ఉంది.

మన వేప, రావి, మోదుగ ఏడాదికోసారి ఆకు రాలుస్తాయి. వాటికో రుతువు ఉంటుంది, అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ భయపడరు. నాగమల్లికి అంత క్రమం లేదు. ఏడాదికి ఒకసారికి మించి కూడా రాలుస్తుంది. రాల్చడం మొదలుపెడితే రోజుల్లో చెట్టంతా మోడు చేసుకుంటుంది. అంతే త్వరగా వారం పది రోజుల్లో కొత్త ఆకు తొడుగుతుంది. ఒకే ఊళ్లో రెండు చెట్లుంటే ఒకటి మోడుగా, ఇంకోటి పచ్చగా ఉండటం చూశాను. అందుకే ఇది చలికో ఎండకో రాల్చింది అని తేల్చి చెప్పడం కష్టం.

కొమ్మల చివర చూడండి. దీని ఆకులు కొమ్మ పొడుగునా ఉండవు, చివర్లో గుత్తిగా వస్తాయి. ఆ చివర్లు ఉబ్బి, కోసుగా, లేత ఆకుపచ్చ మొనలు కనిపిస్తే రోజులు లెక్కపెట్టుకోవచ్చు.

నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పాను. మా కాలేజీ నాగమల్లి ఆకు రాల్చిన ప్రతిసారీ ప్రిన్సిపాల్ గదికి ఒక ఫిర్యాదు వెళ్లేది.

కాకినాడ సుధ | మార్చి 4, మధ్యాహ్నం 1:05

గీకాను. పచ్చగా ఉంది! జిగురుగా తడి కూడా తగిలింది. కొమ్మల చివర్లు నాకు అందవు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని మేడ మీద నుంచి చూసి "ఏవో మొటిమల్లా ఉన్నాయి" అన్నారు.

మిద్దెతోట రమణ | మార్చి 4, మధ్యాహ్నం 1:20

సరే, నా ఫంగిసైడ్ వెనక్కి తీసుకుంటున్నా. 😀

శివప్రియ | మార్చి 4, రాత్రి 8:48

సుధా, అది మామూలు చెట్టు కాదమ్మా. పువ్వు మధ్యలో శివలింగం, పైన ఆదిశేషుడి పడగ, చుట్టూ కూర్చున్న ఋషులు. హిమాలయాల్లో ఎన్నో ఏళ్లకోసారి మాత్రమే పూస్తుందని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఇంట్లో నియమం తప్పితే ఆకు రాలుస్తుందని పెద్దలంటారు. సోమవారాలు దీపం పెట్టి చూడు.

బోటనీ మాస్టారు | మార్చి 5, ఉదయం 6:10

శివప్రియగారూ, దీపం పెట్టడానికి నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఆ వాట్సాప్ సందేశంలో ఒక్క ముక్కా నిలబడదు.

నాగమల్లి పుట్టిల్లు దక్షిణ అమెరికా ఉత్తర భాగం. గయానా, అమెజాన్ వైపు తడి అడవులు. శాస్త్రనామం కౌరుపిటా గయానెన్సిస్. ఆ రెండో మాటలోనే ఊరి పేరుంది. మొదటి మాట అక్కడి గలీబీ జనం ఈ చెట్టుని పిలిచే పేరు నుంచి వచ్చింది. ఫ్రెంచి గయానాలో తిరిగిన ఓబ్లే అనే వృక్షశాస్త్రవేత్త 1775లో అచ్చువేసిన గ్రంథంలో దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు. హిమాలయాల చలి దీనికి పడదు. మంచు తగిలితే పోతుంది. ఎన్నో ఏళ్లకోసారి పూయడం కూడా అబద్ధమే. ఒకసారి మొదలుపెట్టిన చెట్టు ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటుంది. ఒక్క పువ్వు ఆయుష్షు మాత్రం ఒక్క రోజు.

శివప్రియ | మార్చి 5, ఉదయం 7:02

మాస్టారూ, మీకు అన్నీ విదేశాల నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. మరి మన శివాలయాల్లో ఎందుకుంది?

బోటనీ మాస్టారు | మార్చి 5, ఉదయం 7:30

పువ్వు అలా ఉంది కాబట్టి. అంతకన్నా కారణం ఏం కావాలి? మన పూజలో వాడే బంతిపువ్వు మెక్సికో వైపు నుంచి వచ్చింది. గుడి ముంగిట దేవగన్నేరు కూడా అమెరికా ఖండాలదే. బంతి పరాయిదని తెలిసి బతుకమ్మలో పేర్చడం మానేశామా? దేవుడికి పాస్‌పోర్టు చూపించనక్కర్లేదు. పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే చెట్టుకి ఏం కావాలో తెలుస్తుంది, నా గొడవ అంతే.

బౌద్ధుల దగ్గరా ఇదే జరిగింది. బుద్ధుడు లుంబినిలో పుట్టింది, కుశీనగరంలో పరినిర్వాణం పొందింది సాల వృక్షాల కింద అంటారు. ఆ సాలం మన గుగ్గిలం చెట్టు, పూర్తిగా వేరే కుటుంబం. శ్రీలంకలో, థాయిలాండ్‌లో చాలా విహారాల్లో సాలం పేరుతో పెంచుతున్నది మాత్రం నాగమల్లినే. శ్రీలంకకి ఇది 1881లో పెరదేనియ ఉద్యానవనం ద్వారా వచ్చింది. భక్తులు తప్పు చేశారని నేను అనను, పేరు చెట్టు మారింది, అంతే.

శివప్రియ | మార్చి 5, ఉదయం 7:44

బంతిపువ్వు సంగతి నిజంగా తెలియదు. సరే. దీపం మాత్రం పెట్టమనే చెప్తాను.

పచ్చని సంతోష్ | మార్చి 5, రాత్రి 9:17

పేరు సంగతి వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా వినండి. ఆన్‌లైన్‌లో "నాగమల్లి మొక్క" అని ఆర్డర్ పెడితే మోకాలెత్తు పొద ఒకటి వచ్చింది. ఏడాది పెంచాను. తెల్లటి చిన్న చిన్న పూలు, ఎగురుతున్న కొంగ ఆకారంలో. లింగం లేదు, పడగ లేదు. అడిగితే "ఇదే నాగమల్లె సార్" అన్నారు. మోసమా?

కడియం బుజ్జి | మార్చి 5, రాత్రి 9:50

మోసం అనలేం సంతోష్. దానిపేరు కూడా నాగమల్లెనే. తామరకి ఆకు నూరి పూసేది అదే. మా తాత ఆ పొదనే నాగమల్లె అనేవాడు, చెట్టుని నాగలింగం అనేవాడు. ఇంకా ఒకటుంది, నాగకేసరం. తెల్ల రేకులు, మధ్యలో పసుప్పచ్చ కేసరాలు, చిగురు ఎర్రగా వస్తుంది, కర్ర ఇనుములా ఉంటుంది. అది వేరు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఈ మూడింట్లో ఏది కావాలో తెలీకుండానే వస్తారు. కొనేముందు శాస్త్రనామం రాయించుకోండి, లేదా పెద్దచెట్టు కావాలా పొద కావాలా అన్న ఒక్క మాట అడగండి.

మయామీ వంశీ | మార్చి 6, ఉదయం 5:25

ఫ్లోరిడా నుంచి నమస్తే. ఇక్కడ ఫెయిర్‌చైల్డ్ ఉద్యానవనంలో నాగమల్లి ఉంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే చెట్టు ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. పక్కనున్న అమెరికన్ ముసలాయన కూడా ఎందుకో చెప్పులు విప్పాడు.

మాస్టారు చలి గురించి చెప్పింది నిజం. హ్యూస్టన్‌లో మా స్నేహితుడు కుండీలో పెంచాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పుడు గ్యారేజీలో పెట్టినా దక్కలేదు. మయామీలో బయట నేలలో బతుకుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు దక్షిణ ఫ్లోరిడా, హవాయి దాటితే ఆశ పెట్టుకోకండి.

కాకినాడ సుధ | మార్చి 12, ఉదయం 7:08

చిగురొచ్చిందండీ!! తొమ్మిదో రోజుకి చెట్టంతా లేత ఆకుపచ్చ. ముందు బొమ్మల దుకాణంలో వేలాడేసిన కాగితపు పూలలా కొమ్మ చివర్లలో కుచ్చులు కనిపించాయి. రెండు రోజులు తిరిగేసరికి అరచేతంత ఆకులు. పిన్నిగారి యాసిడ్ కథ ముగిసింది. బుజ్జిగారికి, మాస్టారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదకొండేళ్లు. ఎందుకు పూయలేదు? మొక్క అమ్మినాయన "మూడేళ్లలో పువ్వు గ్యారంటీ" అన్నాడని అమ్మ చెప్పేది.

మిద్దెతోట రమణ | మార్చి 12, ఉదయం 7:40

పొటాష్ తక్కువై ఉంటుంది. అరటిపండు తొక్కల నీళ్లు పోయండి. (ఈసారి మెల్లగా చెప్తున్నా.)

కడియం బుజ్జి | మార్చి 12, ఉదయం 8:25

మూడేళ్ల గ్యారంటీ ఇచ్చింది ఎవరో గాని, నేనైతే ఇవ్వనండీ. గింజ మొక్క అయితే ఏడెనిమిదేళ్లు చెప్తాం, కొన్ని ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. అయినా మీది పదకొండేళ్లది. వచ్చి ఉండాలి.

ఒక్కమాట అడుగుతాను. చెట్టు మాను మీద, కింద నుంచి మనిషెత్తు దాకా, ఎండు పుల్లల్లాంటివి ఏమైనా వచ్చాయా? ఆకు ఉండదు. వంకరటింకరగా, గరుగ్గా, చీపురుపుల్ల కన్నా లావుగా ఉంటాయి.

కాకినాడ సుధ | మార్చి 12, ఉదయం 8:41

వచ్చాయి. ఏటా వస్తాయి. వాటిని నాన్నగారు చిన్న రంపంతో శుభ్రంగా కోసేస్తారు. "మాను మీద ఈ పిచ్చి పుల్లలు చెట్టు బలం లాగేస్తాయి" అని.

అయ్యో. బుజ్జిగారూ, అవి...?

కడియం బుజ్జి | మార్చి 12, ఉదయం 8:44

అవే అండీ పూలకాడలు. 🙏

మిద్దెతోట రమణ | మార్చి 12, ఉదయం 8:46

అరటి తొక్కలు కూడా వెనక్కి తీసుకుంటున్నా.

బోటనీ మాస్టారు | మార్చి 12, ఉదయం 11:15

సుధా, మీ నాన్నగారిని ఏమీ అనకండి. ఎవరైనా అలాగే అనుకుంటారు. పువ్వు కొమ్మ చివర వస్తుందని మన కంటికి అలవాటు. మామిడి, గుల్మొహర్, నిద్రగన్నేరు అన్నీ కొమ్మల చివర్ల దగ్గరే పూస్తాయి. నాగమల్లి అలా కాదు. ముదురు మాను బెరడు చీల్చుకుని పూలకాడ వస్తుంది. దీన్ని కాలీఫ్లోరీ అంటారు, మాను మీద పూయడం అని అర్థం. కొత్తేమీ కాదు. పనసకాయ మానుకే వేలాడదా? మేడిచెట్టు కాయలు మాను నిండా గుత్తులుగా ఉండవా? గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య వేసే కోకో కాయలు కూడా మానుకే కాస్తాయి.

ఇలా ఎందుకు అంటే, ఒక మంచి సమాధానం కాయ బరువులో ఉంది. నాగమల్లి కాయ చిన్న తలకాయంత అవుతుంది. అలాంటివి పదులకొద్దీ కొమ్మ చివర మోయడం కష్టం, మాను మోస్తుంది. ఇంకో సంగతి, అడవిలో పైనున్న ఆకుల గుబురులో పువ్వుని వెతకడం కన్నా ఖాళీగా ఉన్న మాను మీద కనిపెట్టడం తుమ్మెదకి సులువు.

ఆ కాడలు ఒక్కసారి పూసి రాలిపోయేవి కావు. కర్రబారి మాను మీదే నిలిచి, ఏటా పొడుగు సాగుతూ చివర్లలో మొగ్గ తొడుగుతూ పోతాయి. పాత చెట్లకి మీటరు పైన పొడుగు కాడలు, మాను కనపడనంత చిక్కుగా ఉంటాయి. కాబట్టి మీరు కోసింది ఆ ఏడాది పూలని మాత్రమే కాదు, తర్వాత ఎన్నో ఏళ్లు పూయాల్సిన కాడని. ఇకనుంచి రంపం దాచేయండి. కొత్త కాడలు వస్తాయి.

కాకినాడ సుధ | మార్చి 12, రాత్రి 9:30

నాన్నగారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మ ఆ పుల్లలు కొయ్యొద్దు అనేది, ఎందుకో చెప్పేది కాదు" అన్నారు.

వైజాగ్ లత | మార్చి 13, ఉదయం 6:30

సుధగారూ, పువ్వు వచ్చేదాకా మీకు ఊరింపుగా ఉంటుందని ఇది రాస్తున్నా. నేను పురుగుల ఫోటోలు తీస్తుంటాను. మా ఇంటి దగ్గర పార్కులో నాగమల్లి కింద మూడు వేసవులు పొద్దున్నే కూర్చున్నాను. వాచ్‌మన్ మొదట అనుమానంగా చూసి, తర్వాత టీ ఇచ్చేవాడు.

పువ్వు చీకట్లోనే విచ్చుకుంటుంది. తెల్లవారేసరికి ఆ వీధంతా వాసన. ఆరు మందపాటి రేకులు, లోపల గులాబీ ఎరుపు, బయట పసుపు కలిసిన రంగు. మధ్యలో చిన్న గుండ్రటి దిమ్మె, అదే మనం లింగం అనేది. నిజానికి అది అండాశయం పైభాగం. దాని చుట్టూ పొట్టి కేసరాల వలయం. ఆ వలయానికి ఒక పక్క నుంచి పట్టీలా సాగి పైకి వంగి కప్పుకున్నది పడగ. దాని మీదా కేసరాలే, కాస్త పొడుగ్గా, కొసలు పసుపుగా ఉంటాయి.

ఇప్పుడు అసలు తమాషా. ఈ పువ్వులో తేనె లేదు. ఒక్క చుక్క లేదు. మరి తుమ్మెద ఎందుకొస్తుంది? పుప్పొడి కోసం. చెట్టు రెండు రకాల పుప్పొడి చేస్తుంది. వలయంలో ఉన్నది అసలు పుప్పొడి, దానితోనే గింజ కడుతుంది. పడగ మీదున్నది మేతకి పెట్టింది, దానికి గింజ కట్టే శక్తి లేదు. నల్లటి పెద్ద వడ్రంగి తుమ్మెద పడగకీ వలయానికీ మధ్య సందులోకి దూరి పడగ మీది పుప్పొడి గోకుతుంది. పని మీద ఉన్నప్పుడు దాని వీపు వలయానికి రాసుకుంటుంది. అది చూసుకోదు. వీపు నిండా అసలు పుప్పొడి పూసుకుని ఇంకో చెట్టుకి పోయి, అక్కడి లింగం మీద రాస్తుంది. పెళ్లి భోజనానికి వచ్చినవాడి చేతికి తెలీకుండా శుభలేఖలు ఇచ్చి పంపినట్టు.

మన తేనెటీగలు కూడా వస్తాయి, కానీ అవి చిన్నవి. చాలాసార్లు వలయానికి వీపు తగలకుండానే మేత మేసి పోతాయి. సందుకి సరిగ్గా సరిపోయే లావు తుమ్మెదదే. దక్షిణ అమెరికాలోనూ ఈ జాతి తుమ్మెదలే ముఖ్యం. అందుకే అనుకుంటా, సముద్రాలు దాటొచ్చినా ఇక్కడ దీనికి పెళ్లిపెద్ద దొరికింది.

శివప్రియ | మార్చి 13, ఉదయం 8:10

లతా, పడగ అసలు పని ఇదా! ఇది చదివాక ఆ పువ్వు మీద నాకు భక్తి ఇంకాస్త పెరిగింది, తగ్గలేదు. మాస్టారు నవ్వుకుంటే నవ్వుకోనీ.

బోటనీ మాస్టారు | మార్చి 13, ఉదయం 8:35

నవ్వడం లేదు. నాకూ అదే జరిగింది.

నల్గొండ రాజేష్ | మార్చి 13, సాయంత్రం 5:55

అందరూ పువ్వు గురించే మాట్లాడుతున్నారు. కాయ గురించి ఎవరైనా చెప్పండి ఆ అమ్మకి. మా ఆఫీసు ఆవరణలో నాగమల్లి కింద నా కారు పెట్టాను. మధ్యాహ్నం ధబేల్‌మని చప్పుడు. బానెట్ మీద బిందె పడేసినట్టు సొట్ట. కాయ పగిలి ఆ కంపు... మురిగిన కోడిగుడ్డు, పులిసిన కల్లు కలిపితే ఎలా ఉంటుందో అలా. మూడుసార్లు కడిగించినా వారం పోలేదు. ఇన్సూరెన్సు వాళ్లకి "చెట్టుకాయ పడింది" అంటే నమ్మలేదు, ఫోటో చూపించాల్సి వచ్చింది. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత ఈ చెట్టుని చూసే పుట్టుంటుంది.

నా మాట వినండి, ఇళ్ల మధ్యలో ఉంటే కొట్టించేయండి.

కాకినాడ సుధ | మార్చి 13, సాయంత్రం 6:20

కొట్టించడమా! కానీ మా చెట్టుకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగులే. గోడకి అవతల పిన్నిగారి రేకుల షెడ్డు, దాని కింద వాళ్లబ్బాయి బండి. ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది.

మిద్దెతోట రమణ | మార్చి 13, సాయంత్రం 6:31

కొట్టెయ్యడమేంటి రాజేష్‌గారూ, చిగురేసిందని అందరం సంబరపడి రెండు రోజులు కాలేదు. మీ కారు సొట్టకి వాళ్లమ్మ నాటిన చెట్టు బలా?

నల్గొండ రాజేష్ | మార్చి 13, సాయంత్రం 6:40

రేపు ఎవరి తలన్నా పగిలితే మీరొచ్చి కట్టు కడతారా? సెంటిమెంటు వేరు, సేఫ్టీ వేరు.

వేదిక నిర్వాహకుడు | మార్చి 13, సాయంత్రం 6:58

ఇద్దరూ కాస్త నెమ్మది. రాజేష్‌గారి మాటలో విషయం ఉంది, అది అలాగే ఉంచుతున్నాను. వ్యక్తిగతంగా వెళ్లిన రెండు పోస్టులు తీసేశాను. తెలిసినవాళ్లు ఉపాయం చెప్పండి.

బోటనీ మాస్టారు | మార్చి 13, రాత్రి 8:20

రాజేష్ చెప్పింది అతిశయోక్తి కాదు. కాయ అడ్డంగా 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పెంకు గట్టిగా కర్రలా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లు దీన్ని ఫిరంగిగుండు చెట్టు అన్నది ఊరికే కాదు. పక్వానికి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పండిన కాయ కింద పడి పగులుతుంది. లోపలి తెల్లటి గుజ్జు గాలి తగలగానే నీలం తిరుగుతుంది. నీలిమందుకి దగ్గరి చుట్టాలైన పదార్థాలు ఇందులో ఉన్నాయి.

ఆ కంపు మనకి కంపు. దాని సొంత అడవిలో పెక్కరీ అనే అడవిపందిలాంటి జంతువు ఆ వాసన పట్టుకుని వచ్చి గుజ్జు తిని గింజలు మోసుకుపోతుంది. ఒక్క కాయలో రెండు మూడు వందల గింజలు ఉంటాయి. గింజ చుట్టూ సన్నటి నూగు ఉంటుంది, కడుపులో అరగకుండా బయటపడటానికి అది పనికొస్తుందని అంటారు. బ్రెజిల్‌లో దీన్ని కోతి ఆప్రికాట్ అంటారు. ఇక్కడ పెక్కరీ లేదు, కాబట్టి ఊడ్చేది మనమే.

నాటేటప్పుడు ఇంటికి, దారికి, గోడకి కనీసం ముప్ఫై అడుగుల దూరం ఉండాలి. సొంత అడవిలో ముప్ఫై మీటర్ల పైన పెరిగే చెట్టు ఇది. 200 గజాల స్థలంలో వేయాల్సింది కాదు. గుడి, బడి, పార్కు దీనికి సరైన చోటు, అక్కడ కూడా కింద బల్లలు వేయకూడదు. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు, నాకు నర్సరీల మీద ఉన్న కోపం అదొక్కటే.

కడియం బుజ్జి | మార్చి 13, రాత్రి 8:52

నేను చెప్తానండీ మాస్టారూ! చెప్తే సగం మంది కొనరు, అది వేరే సంగతి.

సుధగారూ, నాటిన చెట్టుని ఇప్పుడు జరపలేం. కొట్టక్కర్లేదు కూడా. కొమ్మకి కాసే చెట్టయితే నేనూ భయపడేవాణ్ని. దీని కాయలు చాలామట్టుకు మాను మీద, చేతికందే ఎత్తులో కదా వచ్చేది. పూత అయ్యాక నిమ్మకాయంత పిందె కనిపించినప్పుడే కత్తెరతో తీసేయండి. కాడ కొయ్యకండి, పిందె ఒక్కటే. ఆ సైజులో ఏ కంపూ ఉండదు. షెడ్డు వైపు తిరిగిన కాడలు రెండు మూడు ఉంటే వాటిని మొదట్లోనే తీసేసి, మీ పెరటి వైపువి ఉంచుకోండి. పై కొమ్మల మొదట్లో ఎక్కడైనా కాయ కట్టిందా అని ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి చూడాలి.

కాయలు ఒక్కోసారి అసలు కట్టవు కూడా. చుట్టుపక్కల ఇంకో నాగమల్లి లేకపోతే చాలా పూలు రాలిపోవడమే చూశాను.

వైజాగ్ లత | మార్చి 13, రాత్రి 9:05

అవును. ఈ చెట్టుకి పక్క చెట్టు పుప్పొడి ఉంటేనే కాపు బాగుంటుంది. ఒంటరి చెట్టు పూలకే పరిమితం కావచ్చు. సుధగారి విషయంలో అదీ మంచిదే.

నల్గొండ రాజేష్ | మార్చి 13, రాత్రి 9:12

పిందెలు తీసే మాట బాగుంది. ఇది ముందే తెలిస్తే మా ఆఫీసులో చెప్పేవాణ్ని. కొట్టించమన్న మాట వెనక్కి. (రమణగారి దగ్గర నేర్చుకున్నా.)

పచ్చని సంతోష్ | మార్చి 14, ఉదయం 10:20

బుజ్జన్నా, మా ఊరి హైస్కూలుకి నాలుగెకరాల ఆవరణ ఉంది. అక్కడ వేద్దామనుకుంటున్నా, ఈసారి పొద కాకుండా. గింజ నుంచి ఎలా?

కడియం బుజ్జి | మార్చి 14, మధ్యాహ్నం 2:15

పండి రాలిన కాయ తెచ్చుకో. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఇంటికి దూరంగా పగలగొట్టు. గుజ్జు బకెట్ నీళ్లలో పిసికి గింజలు కడిగి, ఎండబెట్టకుండా వెంటనే వెయ్యి. ఇసుక, ఎర్రమట్టి, పశువుల ఎరువు సమంగా కలిపి అర అంగుళం లోతులో. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. మాకు రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. మొదటి వేసవి నీడ కావాలి, తర్వాత ఎండ ఎంత తగిలితే అంత మంచిది. జానెడు మొక్కని నేలలో పెట్టకు, నడుమెత్తు వచ్చాక తొలకరిలో పెట్టు. మొదటి మూడు వేసవులు నీళ్లు తప్పకూడదు. ఇది తడి అడవి బిడ్డ, మన మే నెల దానికి కొత్త.

అంటు తొక్కితే తొందరగా పూస్తుంది అంటారు. మేం కట్టిన అంట్లలో వేరు పట్టింది తక్కువ.

అనంత రైతు | మార్చి 14, సాయంత్రం 4:40

మా వైపు నల్లరేగడి. వస్తుందా?

బోటనీ మాస్టారు | మార్చి 14, సాయంత్రం 5:30

వస్తుంది, గుంట పెద్దది తీసి ఇసుక కలిపితే. మా కాలేజీ చెట్టు ఎర్రనేలలో ఉంది, డెల్టా చెట్ల కన్నా పొట్టిగా ఉండిపోయింది, కానీ పూత బాగానే పూస్తుంది.

కాకినాడ సుధ | సెప్టెంబర్ 21, ఉదయం 7:00

చిన్న కబురు. ఆగస్టు చివర్లో మళ్లీ మొత్తం ఆకు రాల్చేసింది. ఈసారి ఎవరూ కంగారుపడలేదు. నాన్నగారు వంటింటి తలుపు వెనక క్యాలెండర్ మీద రాలిన రోజు, చిగురొచ్చిన రోజు రాశారు. ఎనిమిది రోజులు. మాను మీద పుల్లలు ఆరు వచ్చాయి, ఎవరూ ముట్టుకోలేదు.

కాకినాడ సుధ | ఏప్రిల్ 17, ఉదయం 6:35

పూసింది!

పది రోజులుగా ఒక కాడ చివర గోలీల్లాంటి మొగ్గలు లావెక్కుతున్నాయి. నిన్న రాత్రి పడుకోబోయే ముందు టార్చి వేసి చూస్తే ఒకటి నోరు తెరవబోతోంది. పొద్దున్న నాలుగున్నరకి నాన్నగారు తలుపు కొట్టి లేపారు. ఆ వాసనకి ఆయనకి నిద్ర పట్టలేదట. మొత్తం రెండు పూలు. ఒకటి అమ్మ ఫోటో దగ్గర పెట్టాం. రెండోది కొయ్యలేదు, లతగారు చెప్పింది చూద్దామని కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పిన్నిగారు గోడ మీద నుంచి చూసి ఇంకోటి పూస్తే తనకి కావాలన్నారు. పిందెల సంగతి ఆవిడకి ముందే చెప్పి ఉంచాను.

శివప్రియగారూ, దీపం కూడా పెట్టాం.

వైజాగ్ లత | ఏప్రిల్ 17, ఉదయం 6:50

తుమ్మెద వచ్చిందా?

కాకినాడ సుధ | ఏప్రిల్ 17, ఉదయం 7:22

ఇప్పుడే వచ్చింది! నల్లగా, బొటనవేలంత. పడగ కింద దూరి లోపలే చాలాసేపు గిరగిరా తిరిగింది. బయటికొచ్చేసరికి వీపంతా పసుపు. ఫోటో తీసేలోపు పిన్నిగారి మునగచెట్టు మీదకి పోయింది.